ప్లగ్గున్న వస్తువుకు ఇద్దరి ఓకే

కొత్తగూడ సందులో మేమిద్దరం ఉన్న గదికి ఒకే ఒక్క చట్టం ఉండేది. ప్లగ్గున్న వస్తువు ఏది కొన్నా ఇద్దరూ ఓకే అనాలి.

చట్టం ఊరికే పుట్టలేదు. గదిలో దిగిన మొదటి వారం నేను నీళ్లు కాచుకునే రాడ్డు కొన్నాను. అదే రోజు నా రూమ్మేటు ఇస్త్రీపెట్టె కొన్నాడు. ఒకరికొకరం చెప్పుకోలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం ఒకేసారి స్విచ్చులు వేశాం. కాసేపటికి మా గదికే కాదు, మూడో అంతస్తు మొత్తానికీ కరెంటు పోయింది. ఓనరాంటీ పైకొచ్చి, సగం ఇస్త్రీ అయిన చొక్కాతో వాణ్ణీ, సగం సబ్బుతో నన్నూ చూసి, "ఇద్దరు సాఫ్ట్‌వేరోళ్లే గదా, ఒకలు ఏం చేస్తున్నరో ఒకలకు తెల్వదా?" అంది.

నిజానికి దానికి ఆఫీసులో ఒక పద్ధతుంది. నేను రాసిన కోడ్ రెండు లైన్లే అయినా, ఇంకొకరు దాన్ని చదివి ఓకే కొడితే తప్ప ముందుకు కదలదు. రివ్యూ అంటాం. రాసినవాడి తప్పు రాసినవాడికి కనిపించదన్నది దాని వెనకున్న జ్ఞానం. ఆ జ్ఞానాన్నే గదికి తెచ్చుకున్నాం.

రివ్యూ చెయ్యడంలో మావాడిది రాక్షస జాతి. కరీంనగర్ వైపువాడు, మాట తక్కువ, అనుమానం ఎక్కువ. మిక్సీ కొంటానంటే షాపులోనే టేపు తెప్పించి దాని వైరు కొలిచాడు. "గీ వైరుకు మిక్సీ గోడకు ఆనుకొని నిలబడాలె. పచ్చడి గోడ మీద నూరుతవారా?" అన్నాడు. మేం గుంటూరువాళ్లం, పచ్చడి విషయంలో ఎవరి మాటా పడం. కానీ వైరు నిజంగానే పొట్టిది. ఇంకో షాపుకు వెళ్లాం. కూలరు విషయంలో వాడి పరిశోధన నెలన్నర సాగింది. చివరికి చాలా మంచి కూలరు కొన్నాం, వానాకాలంలో. నాలుగేళ్లలో వాడు ఒక్కసారి కూడా చూడకుండా ఓకే అనలేదు. నైట్‌ల్యాంపు అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు కూడా చదివాడు.

తర్వాత వాడికి పెళ్లయింది. చందానగర్‌లో రెండు గదుల ఫ్లాటు తీసుకున్నాడు. కొత్తగూడ నుంచి చందానగర్ ఎంత దూరమని మీరడగొచ్చు. నన్ను నేను చాలాసార్లు అడిగాను. ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు. ట్రాఫిక్ లేని రోజు కోసం చూస్తున్నాం.

వాడు వెళ్తూ తన కంప్యూటరు పట్టుకెళ్లాడు. అది వాడిదే కాబట్టి ఇందులో అన్యాయమేమీ లేదు. మోకాలెత్తు నల్లడబ్బా, దానికో మానిటరు. ఆ డబ్బాలో ఫ్యాను పిండిమరలా మోగేది. వాడు ఆఫీసు నుంచి రాగానే దాన్ని ఆన్ చేసి, స్నానానికి పోయి, వంట చేసి, అసలు దాని ముందు కూర్చోకుండానే పాటలో మ్యాచో పెట్టి వదిలేసేవాడు. నాలుగేళ్లు నేను దాన్ని తిట్టాను. "ఆపరా దాన్ని, కాల్‌లో ఉన్నా" అని గోల చేశాను. అది వెళ్లిన మొదటి సాయంత్రం గదిలో కొళాయి చుక్కలు లెక్క తప్పకుండా పడటం మొదటిసారి విన్నాను. కొళాయి కొత్తగా పాడవలేదు, నాలుగేళ్లుగా కారుతూనే ఉందట. ఓనరాంటీ చెప్పింది.

టేబుల్ మీద మానిటరు స్టాండు ఉన్నంత మేర దుమ్ము లేని ముక్క ఒకటి మిగిలింది. దాని చుట్టూ తుడిచాను గానీ, ఎందుకో, దాన్ని తుడవలేదు. తుడవడానికి అక్కడ దుమ్ము లేదు కదా, అదీ కారణం.

ఆఫీసులో నాకు మనుషుల కొరత ఉందని అనుకోకండి. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లి కార్డు గీకాలి. గీకి, ఆరో అంతస్తులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాను. నా టీములో ఇద్దరు పుణెలో, ముగ్గురు నోయిడాలో, ఒకావిడ ఎక్కడుంటుందో తనకు కూడా స్పష్టత లేదు. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజంతా వాళ్లతో మాట్లాడి, పక్క కుర్చీలో అదే పని చేస్తున్న మనిషికి లిఫ్టులో తలూపి, వచ్చేస్తాను. ఆఫీసు లాప్‌టాప్‌లో పాట పెట్టుకుందామన్నా ఒప్పుకోదు. ఎర్రటి పేజీ ఒకటి వచ్చి నా మంచికే ఆపానంటుంది. అంతగా నా మంచి కోరేది ప్రస్తుతం అదొక్కటే.

అందుకని సొంతానికి ఒక చిన్న డెస్క్‌టాప్ కొందామనుకున్నాను. మినీ అంటారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. టేబుల్ మీదే అన్నం తినాలి కాబట్టి పెద్దది కుదరదు. లాప్‌టాప్ వద్దు, మూసేసి సంచిలో పెట్టే వస్తువు ఆల్రెడీ ఒకటుంది. ఒకచోట కూర్చుని, సాయంత్రం ఆన్ చేస్తే ఆన్ అయ్యే వస్తువు కావాలి. పని కూడా పెద్దగా లేదు: పాటలు, సినిమాలు, కరెంటు బిల్లు, అప్పుడప్పుడు తెలుగులో ఏదో టైపు చేసుకోవడం.

ప్లగ్గున్న వస్తువు. చట్టం వర్తిస్తుంది.

షీటు ఒకటి తయారుచేశాను. కొత్తవి, పాతవి బాగుచేసినవి కలిపి పదకొండు రకాలు. ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, ఎన్ని పోర్టులు, వైఫై లోపలే ఉందా, కరెంటు ఎంత తింటుంది, వారంటీ, బరువు. మొత్తం ఇరవై మూడు కాలమ్స్. వైరు పొడవుకు ప్రత్యేకంగా ఒకటి. ఉద్యోగంలో ఇంత శ్రద్ధ పెట్టుంటే ఈపాటికి ప్రమోషన్ మీద నోయిడాలో ఉండేవాణ్ణి. దాన్ని మావాడికి పంపి, "రివ్యూ" అని ఒక్క మాట రాశాను.

"చూస్త రా" అని వచ్చింది.

వారం గడిచింది. "చూశావా?" అని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. మెసేజి చూశాడన్నమాట. షీటు సంగతి టిక్కులు చెప్పవు.

ఖాళీగా ఉండటమెందుకని ఒక శనివారం షాపుకు పోయాను. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగగానే, ఒక కర్రీపాయింటు మీద మొదటి అంతస్తు. ఇక్కడి కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి పాత కంప్యూటర్లను వదిలించుకుంటాయి. అవి ట్రాలీల్లో ఈ షాపుకొచ్చి, స్టిక్కర్లు గీకించుకుని, దులిపించుకుని, మళ్లీ అమ్ముడుపోతాయి. ఈ చుట్టుపక్కల గాజు బిల్డింగుల్లో పనిచేసినవన్నీ ఏదో ఒకరోజు అక్కడికే చేరతాయి. ప్రస్తుతానికి కంప్యూటర్లనే తీసుకుంటున్నారు.

షాపాయనకు యాభై దగ్గర ఉంటాయి. కళ్లద్దాలు నెత్తిమీద, చేతిలో స్క్రూడ్రైవరు.

"ఏం పనికన్నా?"

చెప్పాను.

"గేమ్స్?"

"ఆడను."

"వీడియో ఎడిటింగు గిట్ల?"

"లేదు."

"ఫ్యామిలీ?"

"అదీ లేదు."

"అరే, ఇంట్ల ఇంకెవలన్న వాడుతరా అని అడుగుతున్న."

"ఎవరూ వాడరు."

ఆయన అరలోంచి ఒక నల్లటి డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. మందపాటి డిక్షనరీ అంత ఉంది. "గట్లయితే మీకిది చాలు. ఎనిమిదో జనరేషన్ ప్రాసెసరు. ఇంతకన్న పాతది నేనే ఇయ్య, కొత్త విండోస్ ఎక్కదు. ఇంతకన్న కొత్తది మీరు తీసుకోకుండ్రి, పాటలినేతందుకు అంత అక్కర్లే. ర్యామ్ ఎనిమిది జీబీ ఉంది, జర తక్కువైతే ఇంకో స్లాటు ఖాళీ ఉంది, ఎప్పుడన్న ఏసుకోవచ్చు. వైఫై లోపల్నే ఉంది. ఆరు నెల్లు ఏమైనా అయితే నా దగ్గరికి పట్కరాండ్రి." నేను మూడు వారాలు చేసిన షీటును ఆయన ఒక్క గుక్కలో చెప్పేశాడు. "మానిటర్ ఉంది గదా? కీబోర్డు, మౌసు నేనిస్త."

"ఉంది," అన్నాను వెంటనే. "టేబుల్ మీద."

"ఇంకేం మరి, బేఫికర్. పైగ సౌండ్ అసల్ రాదు."

"అసలు రాదా?"

"చెవి పెట్టినా రాదు."

"కొంచెమైనా వచ్చేది లేదా?"

ఆయన నెత్తిమీది అద్దాలు కళ్లకు దించి నన్ను చూశాడు. "ఇరవై ఏండ్లసంది ఇదే పని చేస్తున్న అన్నా. సౌండ్ వచ్చేది ఇయ్యమని అడిగినోణ్ణి ఇయ్యాల్నే చూస్తున్న."

ఇంటికెళ్లి షీటులో ఒక మార్పు చేశాను. "శబ్దం" అనే కాలమ్‌లో, అన్నిటికీ ఎదురుగా "లేదు" అని ఆకుపచ్చ రంగు వేసి ఉంది. రంగు తీసేశాను.

రెండో శనివారం మళ్లీ పోయాను. షాపాయన కుర్చీ జరిపి, చాయ్ చెప్పి, నాకు మళ్లీ అదే డబ్బా చూపించాడు. నేను మళ్లీ అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.

"ఏందన్నా, కొననీకె వస్తున్రా, పెండ్లిచూపులకు వస్తున్రా? నేను మా ఆమెను గింత చూడలే."

"ఒకరు ఓకే అనాలండి."

"ఎవలు, భాభీనా?"

"రూమ్మేటు."

"ఎక్కడున్నడు మరి, పిలువుండ్రి."

"చందానగర్‌లో ఉంటాడు."

"అంటే మీతోని ఉండడా?"

"ఇప్పుడుండడు. పెళ్లయింది."

ఆయన చాయ్ రెండు గుక్కలు తాగాడు. "మరి రూమ్మేట్ ఎట్లయితడన్నా?" అన్నాడు.

షాపులవాళ్లు అనవసరమైన ప్రశ్నలు చాలా అడుగుతారు. బిల్డింగులోంచి దిగి, ఫ్లైఓవర్ కింద ఆటోల మధ్య నిలబడి, ఆ ప్రశ్నకు చక్కటి జవాబు తయారుచేసుకున్నాను. పైకి వెళ్లి చెప్పేంత చక్కగా రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ డబ్బా కొనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జీతం నాది, టేబుల్ నాది, ఇప్పుడు కరెంటు బిల్లు కూడా పూర్తిగా నాదే. కానీ అడగకుండా కొంటే చట్టం రద్దయినట్టే. ఆ గదిలో మా ఇద్దరిదీ అని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది. కొళాయి ఓనరాంటీది.

మూడో శనివారం షాపాయన ఫోన్ చేశాడు. ఎవరో డాక్టరు తన క్లినిక్‌కు నాలుగు కావాలన్నాడట, షాపులో ఉన్నవి నాలుగే. "రెండింటికి వస్తరు. మీరు కావాలంటే ఒకటి పక్కకు పెడ్త. జల్ది చెప్పుండ్రి." అప్పటికి పన్నెండు దాటింది. షాపు దాకా పోయి, మెట్ల మీద కూర్చుని మావాడికి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తింది. పెళ్లిలో ఒకసారి, గృహప్రవేశంలో ఒకసారి తప్ప మాట్లాడలేదు.

"అన్నా, బాగున్నరా? ఆయన మంచినీళ్ల క్యాన్ తేనీకె పోయిండు. ఫోన్ ఈడనే పెట్టిండు. ఏమన్న అర్జెంటా?"

"అర్జెంటేం లేదమ్మా. వాడు ఓకే అనాలి."

"దేనికి?"

చెప్పాను. చెబుతుంటే నాకే వినబడింది, ఎంత తెలివితక్కువగా ఉందో. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"అయ్యో, మీరు గూడ గంతేనా!" అంది. "ఈడ పాత కంప్యూటర్ ఆర్నెల్లసంది బాల్కనీల సంచిల మూటగట్టి ఉందన్నా. ఇప్పలేదు, పెట్టలేదు. బట్టలారేసుకోనీకె జాగ లేదు. కింద ఫ్లోర్ ట్యూషన్ మేడం అడుగుతుంది, ఇచ్చేద్దాం అంటే, ‘వాణ్ణి అడగాలె’ అంటడు. అడుగుమంటే అడగడు. దాంట్ల మీది వైరేమన్న ఉందా, ప్లగ్గేమన్న ఉందా అన్నా?"

మెట్ల పక్కన కర్రీపాయింటువాళ్లు పప్పుకు తాళింపు వేస్తున్నారు. దాని ఘాటుకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. తాళింపుకే. ఎండుమిరపకాయలు ఎక్కువ వేస్తారు వాళ్లు.

"ఇచ్చెయ్యండమ్మా," అన్నాను. "నాది ఓకే అని చెప్పండి."

"మానిటర్ గూడ ఇయ్యాల్నా?"

"మొత్తం ఇచ్చెయ్యండి."

"దేవుడోలె చెప్పిన్రన్నా. మీకు కూడ ఆయనతోని ఓకే చెప్పిస్త, ఉండుండ్రి."

పావుగంటకు మావాడి నుంచి మెసేజి వచ్చింది. "ఓకే." పక్కన బొటనవేలు. మూడు వారాలు ఎదురుచూసిన ఓకే. మెట్లెక్కి వెళ్లి డబ్బా కొన్నాను. షాపాయన కీబోర్డు, మౌసు, ఇంకో చాయ్ ఇచ్చాడు.

గదికొచ్చి, టేబుల్ తుడిచి, ఇన్నాళ్లూ తుడవని ఆ ముక్క పక్కనే డబ్బాను పెట్టాను. ప్లగ్గు పెట్టాను. బటన్ నొక్కాను. చిన్న తెల్ల దీపం వెలిగింది. శబ్దం లేదు. కీబోర్డు తగిలించాను, మౌసు తగిలించాను, ఇంకో వైరు చేత్తో పట్టుకుని దాన్ని దేనికి తగిలించాలా అని తలెత్తి చూశాను.

గోడ కనిపించింది.

ఆరేళ్లుగా కంప్యూటర్ల మీదే బతుకుతున్న మనిషిని. ఇరవై మూడు కాలమ్స్ పెట్టాను. మానిటరుకు కాలమ్ లేదు. షాపాయన సూటిగా అడిగితే, టేబుల్ మీద ఉందని చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. నాలుగేళ్లపాటు అది అక్కడే ఉంది. ఆర్నెల్లుగా లేదన్న విషయం నాకు ప్రతి సాయంత్రం తెలుసు గానీ, అడిగినప్పుడు మాత్రం తెలియలేదు.

ఐదింటికి మావాడే ఫోన్ చేశాడు.

"ఏం కొన్నవ్‌రా?"

"నువ్వు ఓకే అన్నదే."

"గదే, ఏదది?"

"షీటు తెరవలేదా?"

"టైం యాడిదిరా. ఆమె చెప్పింది, ఓకే కొట్టిన. నువ్వు మంచిదే తీసుకుంటవ్ గదా."

చూడకుండా ఓకే కొట్టడం ఆఫీసుల్లో మామూలే. అందరం చేస్తాం. మనిషి మీద నమ్మకం అంటాం దాన్ని. నాలుగేళ్లలో మావాడు నా మీద అంత నమ్మకం ఎప్పుడూ ఉంచలేదు. నాకు అస్సలు నచ్చలేదు.

"మానిటర్ లేదురా," అన్నాను.

"ఏంది?"

"ఇక్కడ మానిటర్ లేదు. కొన్నాక చూశాను. షీటులో ఇరవై మూడు కాలమ్స్ పెట్టాను, మానిటరుకు పెట్టలేదు."

అవతల వాడు నవ్వాడు. మాట తక్కువ మనిషి, నవ్వు మాత్రం ఎక్కువసేపు నవ్వుతాడు. మధ్యలో ఆపి, "ఇరవై మూడు కాలాలు పెట్టి... అరేయ్..." అని మళ్లీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. గదిలో అంత చప్పుడై చాలా రోజులైంది.

"నీ పాతది ఇవ్వరా," అన్నాను.

"యాడిది? ఇందాక నువ్వే ఓకే అన్నవ్ గదా. ట్యూషన్ మేడమొచ్చి పట్కపోయింది. మానిటర్, డబ్బా, అన్ని."

"నేనూ చూడకుండానే అన్నాను."

"గట్లనే ఉంది మన సంగతి," అన్నాడు. ఈసారి నవ్వలేదు. లోపల్నుంచి వాళ్లావిడ ఏదో అడిగితే జవాబిచ్చి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. "చూడు, మానిటర్ మాత్రం నువ్వొక్కనివి పోయి కొనకు. నేనొస్త. శనారం."

ఆ శనివారం రాలేదు. వాళ్లత్తగారి వైపు ఎవరిదో సీమంతం. నేను షాపుకు వెళ్లలేదు. టేబుల్ మీద డబ్బా తెల్ల దీపంతో వారం మొత్తం వెలుగుతూనే ఉంది. ఆపొచ్చు. ఆపలేదు.

పై శనివారం వచ్చాడు. కొంచెం లావయ్యాడు. షాపులోకి అడుగుపెట్టగానే షాపాయన అద్దాలు దించి, "మీరేనా చందానగర్ రూమ్మేటు?" అన్నాడు. మావాడు నావైపు చూసి, "ఆఁ, నేనే" అన్నాడు. అంత చిన్న మాటకు నేను ఇంకో చాయ్ చెప్పాను.

నలభై నిమిషాలు చూశాడు. ఐదు మానిటర్లు ఆన్ చేయించాడు. తెర మొత్తం తెల్లగా పెట్టించి, మచ్చలున్నాయేమోనని ముక్కు ఆనించి చూశాడు. స్టాండు ఊపాడు. వెనక్కి తిప్పి పోర్టులు లెక్కపెట్టాడు. వైరు కొలవడానికి టేపు అడిగితే షాపాయన, "మీ ఇద్దరు ఒకే బడిల చదివిన్రా?" అన్నాడు. నాలుగోది బాగుందన్నాను. "మూల మీద చుక్క ఉంది, కనవడతలేదా?" అన్నాడు. ఉంది. ఐదోది తీసుకున్నాం.

మానిటరును వాడే మూడంతస్తులు మోశాడు. తగిలించాడు. తెర వెలిగింది. గది మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ చూశాడు. తన మంచం ఉన్నచోట నేను బట్టల స్టాండు పెట్టాను.

"రూమ్ పెద్దగైందిరా," అన్నాడు.

"అద్దె మాత్రం అంతే ఉంది."

డబ్బాకు చెవి పెట్టి విన్నాడు. "అసల్ సౌండ్ రాదు గదా. మస్తు తీసుకున్నవ్."

ఫోన్ మోగింది. వస్తున్నా, దారిలో ఉన్నా అన్నాడు. ఇంకా నా గదిలోనే ఉన్నాడు. టీ పెట్టనా అంటే, మళ్లెప్పుడన్న అని, చెప్పులేసుకుని దిగిపోయాడు. ట్రాఫిక్ ఉండే సమయమే.

ఇది ఆ మానిటరు మీదే టైపు చేస్తున్నాను. బాగా పనిచేస్తోంది. మామూలు వాడకానికి ఇంతకన్నా అక్కర్లేదు, షాపాయన చెప్పింది నిజమే. పక్కనే గోడ మీది బోర్డులో ఇంకా రెండు సాకెట్లు ఖాళీగా ఉన్నాయి. నాకు కావలసిన వస్తువులేవీ మిగల్లేదు. అయినా ఏదో ఒకటి ఉండకపోదని ఇందాక కొత్త షీటు ఒకటి తెరిచాను. ఏం కొనాలో ఇంకా తేలలేదు. మొదటి కాలమ్ మాత్రం పెట్టాను: వైరు పొడవు.